21 రోజులకు సరుకులు ఎంత తెచ్చుకోవాలి? లాక్‌డౌన్‌లో ఇంటి సంగతులు ఇక్కడ రాయండి

వేపపూత (మూసాపేట, హైదరాబాద్)
24 మార్చి 2020, రాత్రి 9:50

ఇప్పుడే టీవీ కట్టేశాను. దేశం మొత్తం 21 రోజులు, ఏప్రిల్ 14 దాకా. మొన్న ఆదివారం మన రాష్ట్రంలో 31 వరకే అన్నారు కదా అని, నిన్న పొద్దున్నే వెళ్లి పది కిలోల కందిపప్పు, పదిహేను కిలోల గోధుమపిండి, రెండు డబ్బాల నూనె తెచ్చేశాను. అందరూ అలాగే తీసుకుంటున్నారు, చూసి నాకూ చేయి ఆగలేదు. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, షుగరున్న మా అత్తయ్య. ఇప్పుడు లెక్క వేస్తే కొన్ని చాలా ఎక్కువ తెచ్చాను, కొన్ని అసలు మర్చిపోయాను. చింతపండు లేదు, అగ్గిపెట్టెలు లేవు, అత్తయ్య మాత్రలు తొమ్మిది రోజులకే ఉన్నాయి.

సాయంత్రం ఆరుకే కొట్లు మూసేశారు, ఏడు నుంచి కర్ఫ్యూ. రేపు తెల్లవారుజామునే వెళ్లి నిలబడాలా? అయిదుగురికి మూడు వారాలకు నిజంగా ఎంత కావాలి? తెల్లారితే ఉగాది. పచ్చడికి వేపపువ్వు కూడా తేలేదు.

కొట్టు శీనన్న (హన్మకొండ)
24 మార్చి 2020, రాత్రి 11:25

అమ్మా, నేను హన్మకొండల కిరాణ కొట్టు నడుపుత. ఇరవై రెండేండ్ల సంది ఇదే పని. మీరు అడిగిన్రు కాబట్టి కొట్టు లోపటి సంగతి చెప్త.

మా గల్లీ చుట్టుముట్టు 110 ఇండ్లు నా దగ్గరికే వస్తయి. ఇంటికి నెలకు మూడు కిలోల కందిపప్పు అనుకోండ్రి. అందుకని వారానికి 50 కిలోల బస్తాలు రెండు దించుకుంట. నిన్న పొద్దుగాల ఒక్క గంటల పదకొండు మంది వచ్చి తలా పది కిలోలు అడిగిన్రు. ఇస్తే 110 కిలోలు. వారం సరుకు గంటల ఒడుసుడే కాదు, ఇంకో పది కిలోలు నేనే బాకీ పడుత.

నేను తలా రెండు కిలోలే ఇచ్చిన. ఇద్దరు లొల్లి పెట్టుకొని పోయిన్రు. ఎందుకు ఇయ్యలేదో చెప్త. సాయంత్రం పూట నా దగ్గరికి వేరే మంది వస్తరు. మేస్త్రీల కాడ పని చేసేటోళ్లు, ఇండ్లల్ల బాసండ్లు తోమే అక్కలు. వాళ్లు నెలకు సరిపడ కొనలేరు, ఆ రోజు కూలి ఆ రోజు తెస్తరు. పావుకిలో పప్పు, వంద గ్రాముల నూనె, ఒక సబ్బు బిళ్ల. పొద్దున వచ్చినోళ్లు బస్తా ఖాళీ చేస్తే సాయంత్రం వచ్చినోళ్లకు నేను ఏం ముఖం చూపియ్యాలె?

సరుకు లేక కాదు తల్లీ. మిర్యాలగూడ మిల్లుల బియ్యం ఉన్నయి, కాకినాడల నూనె ఉన్నది. ఎత్తి దించేటోళ్లే లేరు. మిల్లుల్ల పనిచేసే బిహార్ హమాలీలు హోలీకి ఇండ్లకు పోయి అక్కడనే ఆగిన్రు. లారీ డ్రైవర్లు తొవ్వల తిండి దొరుకతదో లేదో అని బయలెల్లుత లేరు. వారం పది దినాలల్ల సర్దుకుంటది. వారానికి సరిపడ కొనుక్కోండ్రి, మళ్ల వారం మళ్ల రాండ్రి. మందులు మాత్రం రేపే తెచ్చుకోండ్రి, అండ్ల ఆలస్యం వద్దు.

గోదారమ్మ వంటిల్లు (కాకినాడ)
25 మార్చి 2020, ఉదయం 7:10

అందరికీ శార్వరి ఉగాది శుభాకాంక్షలు. వేపపూత అమ్మాయ్, నీ పేరే వేపపూత పెట్టుకుని పువ్వు లేదంటే ఎలా తల్లీ, మీ వీధి చివర చెట్టు ఉంటే ఒక్క రెబ్బ చాలు. మామిడికాయ దొరక్కపోతే పులుపు చింతపండే ఇస్తుంది, వగరు మానెయ్. మేమూ ఈసారి అలాగే చేశాం.

శీనుబాబు చెప్పింది అక్షరాలా నిజం. నేను చెప్పేది కూరల సంగతి. ముందు పాడైపోయేవి ముందు వండాలి. ఆకుకూరలు తెచ్చిన రోజూ మర్నాడూ. తర్వాత వంకాయ, బెండకాయ. తర్వాత దొండకాయ, బీర. దోసకాయ వారం పైన ఉంటుంది. కంద, చేమ, గుమ్మడికాయ నెల్లాళ్లయినా నేలమీద ఉంటాయి. పచ్చిమిర్చికి తొడిమలు తీసి, తడి లేకుండా కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే పదిహేను రోజులు. కరివేపాకు దూసి నీడన ఆరబెట్టుకో. కొత్తిమీర వేళ్లు కొయ్యకుండా గ్లాసు నీళ్లలో నిలబెట్టు. కూర ఏమీ లేని రోజు కందిపచ్చడి, ఉల్లిపాయ పులుసు, వడియాలు. మన పెద్దవాళ్లు ఏడాదంతా డాబా మీద ఎండబెట్టుకుంది ఇలాంటి రోజులకే.

నీ పదిహేను కిలోల పిండి మీద మాత్రం కన్నేసి ఉంచు. ఎండల్లో పురుగు పడుతుంది. ఎండుమిరపకాయలు నాలుగు వేసి, బిగుతు మూత పెట్టు.

జాగ్రత్త సుబ్బు (గుంటూరు)
26 మార్చి 2020, ఉదయం 11:30

మా ఇంట్లో పద్ధతి చెప్తాను, పనికొస్తే పాటించండి. కూరగాయలు సర్ఫ్ నీళ్లలో అరగంట నానబెడుతున్నాం. పాల ప్యాకెట్‌కు శానిటైజర్ కొట్టి వెంటనే కాచేస్తున్నాం. చిల్లర పసుపు నీళ్లలో వేసి ఎండబెడుతున్నాం.

రసాయనం మాస్టారు (ఒంగోలు)
26 మార్చి 2020, మధ్యాహ్నం 12:15

సుబ్బు గారూ, దయచేసి మొదటి రెండూ ఈ రోజే ఆపెయ్యండి. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ పాఠం చెప్పినవాడిగా అడుగుతున్నాను.

సబ్బు ఈ వైరస్‌ను ఎందుకు చంపుతుందంటే, వైరస్ పైపొర కొవ్వుతో తయారైంది. జిడ్డు గిన్నెను సబ్బు ఎలా వదిలిస్తుందో ఆ పొరను అలా విడదీస్తుంది. చేతులకు ఇరవై సెకన్లు రుద్ది కడిగితే సబ్బూ పోతుంది, వైరస్సూ పోతుంది. అదే తోటకూర మడతల్లో, కాలీఫ్లవర్ సందుల్లో సర్ఫ్ పూర్తిగా పోదు. అది కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సి రావడమే పెద్ద ప్రమాదం. కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడగండి, అంతే.

శానిటైజర్ అంటే సగానికి పైగా ఆల్కహాల్. పొయ్యి దగ్గర దాన్ని కొట్టడమంటే పెట్రోలు చల్లినట్టే. పాల ప్యాకెట్ నీళ్లతో కడిగి, తుడిచి, కత్తిరించండి. పాలు ఎలాగూ కాస్తారు.

ఇంకో మాట. ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటల దాకా, అట్టపెట్టె మీద 24 గంటల దాకా ఉండగలదని ఈ నెల 17న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అది ప్రయోగశాలలో కొలిచిన లెక్క. మన సంచి మీద అంత ఉందని కాదు. తొందర లేని సరుకు సంచిని ఒక మూల రెండు మూడు రోజులు వదిలేసి, తర్వాత డబ్బాల్లో పోసుకుంటే చాలు. కొట్టు దగ్గర మనిషికీ మనిషికీ దూరం పాటించడం ఈ కడుగుళ్లన్నిటికంటే ముఖ్యం.

జాగ్రత్త సుబ్బు
26 మార్చి 2020, మధ్యాహ్నం 12:40

మాస్టారూ, పొయ్యి సంగతి నాకు తట్టనే లేదు. మా ఆవిడకు చదివి వినిపించాను. ఆపేశాం. చాలా థాంక్సండి.

ఎడిసన్ వాణి (న్యూజెర్సీ)
27 మార్చి 2020, ఉదయం 8:05

ఇక్కడ 21వ తేదీ రాత్రి నుంచి అందరం ఇళ్లలోనే. ఇండియన్ స్టోర్ బయట వరుసలో గంటన్నర నిలబడితే మనిషికి ఒక్క బియ్యం బస్తా. కంది పప్పు అరలు ఖాళీ. కానీ నేను రాస్తోంది నా గురించి కాదు.

మా అమ్మ కాకినాడలో ఒక్కతే ఉంటుంది. 71 ఏళ్లు. పనిమనిషి రావడం మానేసింది. రోజూ ఫోన్ చేస్తే "అన్నీ ఉన్నాయే, నా గురించి బెంగపెట్టుకోకు" అంటుంది. నిన్న వీడియోలో వంటింట్లోకి తీసుకెళ్లమని పట్టుబట్టాను. పాలు లేవు, కూరలు లేవు. రెండు రోజులుగా అన్నంలో మజ్జిగ మిరపకాయలు నంజుకుని తింటోంది. బీపీ మాత్రల అట్టలో నాలుగే మిగిలాయి. ఇక్కడ కూర్చుని ఏమీ చేయలేకపోతున్నాను. గోదారమ్మ గారూ, మీరు కాకినాడ అని చూసి రాస్తున్నాను. అడగొచ్చో లేదో తెలియదు.

గోదారమ్మ వంటిల్లు
27 మార్చి 2020, ఉదయం 8:20

అడగకపోతే కోప్పడేదాన్ని. అడ్రసు ఇక్కడ పెట్టకు, నలుగురూ చూసే చోటు. నాకు విడిగా మెసేజ్ పంపు. మాత్రల అట్ట ఫొటో కూడా పంపు, పేరూ మోతాదూ కనబడేలా. కొట్లు తెరిచే ఉన్నాయి, మా అబ్బాయి ఇప్పుడే బయలుదేరతాడు.

గోదారమ్మ వంటిల్లు
27 మార్చి 2020, మధ్యాహ్నం 1:30

వాణీ, అమ్మగారు బాగున్నారు. మావాడు కింద నిలబడి "పిన్నిగారూ" అని పిలిస్తే బాల్కనీలోకి వచ్చారట. పైకి రానివ్వలేదు. మంచిదే, అదే పద్ధతి. నీళ్లు తోడే ప్లాస్టిక్ బకెట్‌కు కొబ్బరితాడు కట్టి మొదటి అంతస్తు నుంచి కిందికి దించారు. అందులో ముందు ఒక చీటీ, డబ్బులు వచ్చాయి. చీటీలో "అరలీటరు పాలు, పావుకిలో బెండకాయలు, నిమ్మకాయలు 2" అని రాసుంది. వాడు నీ లెక్క ప్రకారం తెచ్చినవన్నీ పెడితే, సగం తిప్పి కిందికి పంపించేశారు. "ఎల్లుండి మళ్లీ తే బాబూ, అప్పుడు తాజాగా ఉంటాయి" అన్నారట. మాత్రలు మాత్రం నెలకు సరిపడా తీసుకున్నారు. రోజు విడిచి రోజు వెళ్తాడు. నువ్వు నిద్రపో.

ఎడిసన్ వాణి
27 మార్చి 2020, మధ్యాహ్నం 1:45

ఆ బకెట్ నాకు తెలుసు. చిన్నప్పుడు స్కూలు నుంచి వస్తే అందులోనే తాళంచెవి దించేది. ఏం రాయాలో తెలియడం లేదండి.

అమీర్‌పేట హాస్టల్ కుర్రాడు
28 మార్చి 2020, సాయంత్రం 4:00

నేను కోచింగ్ కోసం వచ్చినవాణ్ని. హాస్టల్ ఖాళీ చేయమంటే 25న నలుగురం బైకుల మీద మా ఊరికి బయలుదేరాం. ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వందల మంది ఆగిపోయి ఉన్నారు. ఎండలో గంటల తరబడి నిలబడ్డాం. పక్క ఊరివాళ్లు నీళ్లు, పులిహోర పొట్లాలు తెచ్చి పంచారు. ఆ చేతులు మర్చిపోలేను. చివరికి మేం నలుగురం వెనక్కి తిరిగొచ్చి, ఒక సీనియర్ గదిలో ఉంటున్నాం. ఆరుగురం, ఒక స్టవ్, ఒక కుక్కర్. ఎవరికీ వంట రాదు. గదిలో బియ్యం, ఉల్లిపాయలు, కారం ఉన్నాయి. ఏం చేసుకోవచ్చు ఆంటీ?

గోదారమ్మ వంటిల్లు
28 మార్చి 2020, సాయంత్రం 4:25

నాయనా, ముందు అరకిలో పెసరపప్పు తెచ్చుకోండి. కందిపప్పులా ఎక్కువసేపు ఉడకక్కర్లేదు, గ్యాస్ మిగులుతుంది. రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు పెసరపప్పు, ఏడు గ్లాసుల నీళ్లు, ఉప్పు, పసుపు, చీరిన ఉల్లిపాయలు, కుక్కర్లో మూడు కూతలు. దాన్నే పులగం అంటారు. పొద్దున అదే, రాత్రికి అన్నం, ఉల్లిపాయ పులుసు. గుడ్లు దొరికితే వదలకండి. గుడ్డు తింటే కరోనా వస్తుందనే మాట నమ్మకండి.

వేపపూత
28 మార్చి 2020, సాయంత్రం 5:10

తమ్ముడూ, మీ గది మూసాపేటకు దగ్గరే. నా దగ్గర పప్పు ఎక్కువుందని రాశాను కదా. మూడు కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి మీలో ఒకరు మెట్రో స్తంభాల దగ్గరిదాకా రండి, మా ఆయన అక్కడికి తెస్తారు. రెండు కిలోల కందిపప్పు, అయిదు కిలోల పిండి. మొహమాటపడొద్దు.

శీనన్నా, మీ మాట నాలుగు రోజులుగా నా మనసులో తిరుగుతోంది. మా వాచ్‌మన్ భార్య నిన్న పావుకిలో పప్పు అప్పు అడగడానికి వచ్చి, అడగలేక మెట్ల దగ్గరే నిలబడింది. మా అపార్ట్‌మెంట్‌లో నలభై వంటిళ్లలో పప్పు డబ్బాలు నిండుగా ఉన్నాయి. నేను పది కిలోలు మోసుకొస్తుంటే గేటు తీసింది ఆమే. వాళ్ల రేషన్ కార్డు వనపర్తిలో ఉందట, ఇక్కడ ఇవ్వరేమోనని ఊరుకున్నారు.

కొట్టు శీనన్న
30 మార్చి 2020, రాత్రి 9:15

ఇస్తరమ్మా! తెల్ల కార్డు మన రాష్ట్రందే అయితే ఏ ఊరిదైనా సరే, దగ్గర్ల ఉన్న రేషన్ షాపుల తీసుకోవచ్చు. పోర్టబిలిటీ అంటరు. ఈసారి మనిషికి 12 కిలోల బియ్యం ఉత్తగనే ఇస్తున్నరు, కార్డుకు 1,500 రూపాయలు బ్యాంకుల వేస్తమన్నరు. కార్డు పట్టుకొని పొమ్మని చెప్పండ్రి. వేరే రాష్ట్రాల కూలీలకు కూడ 12 కిలోలు, 500 రూపాయలు ఇస్తమన్నరు. మీ చుట్టుపక్కల బిల్డింగు పనోళ్లు ఉంటె వాళ్లకు ఈ ముచ్చట చేరవేయండ్రి. చానమందికి తెల్వది.

నేను ఇయ్యాల ఒక పని చేసిన. సాయంత్రం వచ్చేటోళ్ల కోసం పావుకిలో పప్పు, పావుకిలో నూనె, అరకిలో ఉప్మారవ్వ పొట్లాలు ముందే కట్టి లోపట పెట్టిన. ఉద్దెర పుస్తకంల ముప్పై నాలుగు కొత్త పేర్లు ఎక్కినయి. ఎప్పుడిస్తరని అడగలేదు.

దుబాయ్ సిరిసిల్ల
1 ఏప్రిల్ 2020, రాత్రి 11:40

అన్నలారా, నేను సోనాపూర్ లేబర్ క్యాంపుల ఉంట. పని బందు అయి పదకొండు దినాలాయె. గదికి ఎనిమిది మందిమి. ఇంటికి పైసలు పంపుడు ఆగింది. మా ఊరి కిరాణ అన్నకు ఫోన్ చేసి, నా భార్య వస్తె రాసుకొని ఇయ్యమని చెప్పిన. "నువ్వు చెప్పకముందే ఇచ్చిన తమ్మీ" అన్నడు. శీనన్న రాసింది చదివితె ఆయన యాదికొచ్చిండు.

మదనపల్లె టమాటా
6 ఏప్రిల్ 2020, ఉదయం 6:30

నేను సరుకు కొనేవాణ్ణి కాదు, పండించేవాణ్ణి. మీరంతా కొట్టు ముందర వరుస గురించి రాస్తా ఉండారు, ఆ వరుసకు ఇవతల మా వరుస ఉండాది. పోయిన వారం మండీలో 30 కిలోల బాక్సుకు 150 రూపాయలు పలికింది. అంటే కిలో అయిదు. కోత కూలి, బాక్సు బాడుగ, ఆటో అన్నీ పోతే నాకేమీ మిగల్లేదు. హోటళ్లు లేవు, పెండ్లిండ్లు లేవు, బయట రాష్ట్రాల లారీలు సగం కూడా రాలేదు. మొన్న రెండు మళ్లు కొయ్యకుండా వదిలేసినాను. పండి, చీలి, రసం కారి నేలంతా ఎర్రగా అయిపోయింది. పొద్దున ఆ వాసనకే ప్రాణం ఉసూరుమంటాది.

మీకు టమాటా చవగ్గా దొరికిన రోజు నాలుగు కిలోలు ఎక్కువే కొనండి. పప్పు మాదిరి దీన్ని దాచిపెట్టుకుంటే ఎవరికీ తక్కువ కాదు, మాకు మేలు. ఊరగాయ పెట్టండి, ఒరుగులు చేయండి.

వేపపూత
6 ఏప్రిల్ 2020, ఉదయం 10:20

అన్నా, ఇక్కడ నిన్న కిలో పాతిక పెట్టి కొన్నాను. మధ్యలో ఇరవై ఎక్కడ పోతోందో. మీ పోస్టు చదివి అయిదు కిలోలు తెచ్చాను, అత్తయ్య ముక్కలు కోసి ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేశారు. మూడో రోజు పిండి, ఎండబెట్టి, ఆ రసంలోనే చింతపండు నానబెడతారట. శ్రీరామనవమికి కూడా బయటికి వెళ్లలేదు, భద్రాద్రి కల్యాణం భక్తులు లేకుండా టీవీలో చూస్తుంటే అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. ఈ రోజే మళ్లీ హుషారుగా ఉన్నారు.

అమీర్‌పేట హాస్టల్ కుర్రాడు
21 ఏప్రిల్ 2020, రాత్రి 8:00

మే 7 దాకా పొడిగించారు, ఫుడ్ డెలివరీ కూడా ఆపేశారు. మాకు భయం లేదిప్పుడు. మధ్యాహ్నం అన్నపూర్ణ కేంద్రంలో అయిదు రూపాయల భోజనం ఉచితంగా పెడుతున్నారు, వంతులవారీగా వెళ్తున్నాం. రాత్రి వంట నాది. పులగం, పప్పుచారు, గుడ్డు పులుసు వచ్చేశాయి. అక్క ఇచ్చిన పిండి నిన్నటితో అయిపోయింది. అమ్మకు ఫోన్‌లో పప్పుచారు చూపిస్తే, పోపు మాడింది, ఆవాలు చిటపటలాడగానే మంట తగ్గించమంది.

ఎడిసన్ వాణి
7 మే 2020, ఉదయం 7:30

ఈ రోజు నుంచి మనవాళ్లను తీసుకెళ్లే విమానాలు మొదలయ్యాయి. ముందు గర్భిణులు, పెద్దవాళ్లు, వీసా అయిపోయినవాళ్లు. నా వంతు ఎప్పటికో. అమ్మ ఈసారి ఆవకాయ పెట్టనంది. "ఒక్కదానికి ఎందుకే" అంది. ఆ మాట అమ్మ నోటివెంట ఎప్పుడూ వినలేదు. నలభై ఏళ్లుగా ఏ వేసవీ మానలేదు.

గోదారమ్మ వంటిల్లు
9 మే 2020, మధ్యాహ్నం 2:10

వాణీ, నీ పోస్టు చూసి నిన్న మావాడికి కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు పన్నెండు ఇచ్చి పంపాను. కత్తిపీట వేసే మనిషి రావడం లేదు కదా, మా ఇంట్లోనే టెంకతో సహా ముక్కలు కొట్టి, జీడి తీసి, పొడిబట్టతో ఒక్కొక్క ముక్కా తుడిచి పంపించాను. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కూడా బకెట్‌లోనే ఎక్కాయి. అయిదు ట్రిప్పులు లాగారట, మావాడు కింద నుంచి లెక్కపెట్టాడు. అమ్మగారు ముందు కోప్పడ్డారు. కాసేపటికి బాల్కనీలోంచి "ఆవపిండి కొత్త ఆవాలదేనా? చేదు రాదు కదా?" అని అడిగారట. ఆ మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది.

సాయంత్రం ఫోన్ చేశారు. రెండు జాడీల్లో పెట్టారు. చిన్నది తనకు. పెద్దదానికి వాసెన కట్టి, కాగితం మీద "శార్వరి – వాణికి" అని రాసి అటక కింద అరలో పెట్టారట.

కొట్టు శీనన్న
9 మే 2020, రాత్రి 9:30

వాణక్కా, ఆ జాడీ కోసమన్న జల్ది రావాలె. ఇక్కడ వరంగల్ బీట్ బజార్ల సరుకు మంచిగనే దిగుతున్నది. బిహార్ నుంచి హమాలీల రైలొకటి నిన్న లింగంపల్లికి వచ్చిందంట. ఉద్దెర పుస్తకంల ఇయ్యాల ఇద్దరు తీర్చిపోయిన్రు, ఒకాయన వద్దన్నా ఇరవై రూపాయలు ఎక్కువ పెట్టిండు.

గోదారమ్మ వంటిల్లు
10 మే 2020, ఉదయం 6:40

వాణీ, రేపటికి మూడో రోజు. జాడీ అడుగుదాకా గరిటె పెట్టి తిరగకలపాలి, నూనె పైకి తేలిందో లేదో చూడాలి. అమ్మగారికి పెద్ద జాడీ ఒక్కరే దించడం కష్టం. మావాణ్ని మాస్కు కట్టుకుని పైకి రమ్మన్నారు, గుమ్మం దాకా. ఆ సమయానికి నువ్వు వీడియో కాల్ చెయ్యి. ఇక్కడ ఉదయం ఎనిమిది, నీకు రాత్రి పదిన్నర.